ఎంపీ గారి ప్రగతి పుస్తకానికి జవాబుల పేజీ కూడా కలపండి

సంపాదకుల వారికి,

ఏడాది తిరిగేసరికి మా డెల్టా జిల్లాల ఎంపీల ప్రగతి పుస్తకాలు రంగుల అట్టలతో వచ్చేస్తాయి. క్రీడల మీద ఇన్ని ప్రశ్నలు, పింఛన్లు, దివ్యాంగులు, మధ్యాహ్న భోజనం మీద ఇన్ని ప్రసంగాలు, హాజరు ఇంత శాతం. పత్రికలు కూడా అదే పట్టిక తీసుకుని ఎవరు ముందున్నారో, ఎవరు వెనకబడ్డారో వరసలు కడుతున్నాయి. ఈ ఉత్తరం రాస్తున్న ఇద్దరిలో ఒకరు విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, మరొకరు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖలో పనిచేసి రిటైరైనవారు. మా లెక్కన ఆ పుస్తకాల్లో అసలు పేజీ ఒకటి తప్పిపోతోంది. వేసిన ప్రశ్నకు ఏం జవాబొచ్చింది, ఆ జవాబు పట్టుకుని ఎంపీ గారు తర్వాత ఏం చేశారు అనే పేజీ.

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. లోక్‌సభలో రోజుకు నక్షత్రం గుర్తు ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230 జాబితాకెక్కుతాయి. రాజ్యసభలో 15, 160. ఎవరి ప్రశ్న జాబితాలో పైన పడుతుందో లాటరీ తేలుస్తుంది. నోటీసు 15 రోజుల ముందే ఇచ్చి ఉండాలి. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. కానీ ఉన్న గంటలో మామూలుగా నాలుగైదు ప్రశ్నలకు మించి రావు. మిగతావన్నీ కాగితం మీది జవాబులే. పైగా ఒకే విషయం మీద పదిమంది అడిగితే పది పేర్లూ కలిపి ఒకే జవాబు ఇస్తారు. ఆ ఒక్క ప్రశ్నా పదిమంది పుస్తకాల్లోనూ చేరుతుంది. కాబట్టి "వంద ప్రశ్నలు" అన్నంత మాత్రాన వంద విషయాలు తేల్చుకొచ్చినట్టు కాదు.

సున్నా ఉన్నంత మాత్రాన పని చేయలేదనీ కాదు. నరసాపురం ఎంపీ భూపతిరాజు శ్రీనివాసవర్మ 2024 జూన్‌లో కేంద్ర సహాయ మంత్రి అయ్యారు. మంత్రులు హాజరు పట్టీలో సంతకం పెట్టరు, ప్రశ్నలు వేయరు. అలాంటివారి గడి ఖాళీగా చూపించి వరసలో చివర నిలబెడితే పాఠకుడికి తప్పు సమాచారం ఇచ్చినట్టే. మంత్రిని అడగాల్సిన లెక్కలు వేరు.

ఇక ప్రశ్న రాసే తీరు. ఎక్కువగా కనిపించేది ఇలా ఉంటుంది: "ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ క్రీడల అభివృద్ధికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?" దీనికొచ్చే జవాబు వినకుండానే చెప్పేయొచ్చు. "క్రీడలు రాష్ట్ర పరిధిలోని అంశం, బాధ్యత ప్రధానంగా రాష్ట్రాలదే, కేంద్రం లోటు పూడుస్తుంది" అని మొదటి పేరా. తర్వాత పథకాల పేర్లు. చివర దేశం మొత్తానికి ఒక పట్టిక. రాజ్యాంగం ఏడో షెడ్యూలు, రాష్ట్ర జాబితాలో 33వ అంశంలో క్రీడలున్న మాట నిజమే. అయితే 2025-26 బడ్జెట్లో క్రీడల మంత్రిత్వ శాఖకు రూ.3,794 కోట్లు, అందులో ఖేలో ఇండియా అనే క్రీడా పథకానికే రూ.1,000 కోట్లు ఇచ్చాక ఆ మొదటి పేరా చాటున దాక్కోవడం కుదరదు. అడగాల్సింది ఆ డబ్బు గురించి.

అదే ప్రశ్నను 150 పదాల పరిమితి లోపలే ఇలా విడగొట్టొచ్చు. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ, పశ్చిమ గోదావరి, కాకినాడ, తూర్పు గోదావరి, ఏలూరు జిల్లాల్లో మంజూరైన ఖేలో ఇండియా శిక్షణ కేంద్రాలు ఏవి? ఒక్కోదానికి మొదట ఇచ్చే రూ.5 లక్షలు ఏ తేదీన విడుదలయ్యాయి? ఆ తర్వాత ఏటా ఇవ్వాల్సిన రూ.5 లక్షలు ఏయే సంవత్సరాల్లో ఆగాయి? ఆగితే వినియోగ పత్రం ఎవరి దగ్గర పెండింగు? శిక్షకుడికి ఎన్ని నెలల పారితోషికం బాకీ? ఇలా జిల్లా, తేదీ, బాకీ అడిగితే మంత్రిత్వ శాఖ అధికారి ఫైలు తెరవక తప్పదు.

ఈ వినియోగ పత్రం, అదే ఆఫీసుల్లో యూసీ అనేది, చూడ్డానికి ఒక్క కాగితం. సగం పథకాలు చచ్చేది దాని దగ్గరే. ముందు విడత డబ్బు దేనికి ఖర్చయిందో 12-ఏ నమూనాలో రాసి పంపితే గానీ రెండో విడత రాదు. శిక్షణ కేంద్రం నడిపేది ఒకరు, బ్యాంకు ఖాతా ఇంకొకరి పేర, జిల్లా క్రీడాధికారి మూడో మనిషి. బిల్లుల్లో తేడా ఉన్నా, అధికారి బదిలీ అయినా ఆ కాగితం కదలదు. శిక్షకుడు రెండు మూడు నెలలు చూసి ప్రైవేటు స్కూల్లో చేరిపోతాడు. పిల్లలు ఆ సాయంత్రం నుంచే రావడం మానేస్తారు. ఢిల్లీ లెక్కల్లో మాత్రం ఆ శిక్షణ కేంద్రం "పనిచేస్తున్నట్టే" ఉంటుంది.

మంత్రి ఒక్కోసారి "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అంటారు. చాలామంది దాన్ని తప్పించుకోవడం అనుకుని వదిలేస్తారు. పార్లమెంటు నియమాల్లో అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో తీర్చాలి. లోక్‌సభలో 15 మంది సభ్యుల హామీల కమిటీ ఉన్నది దీన్ని వెంటాడడానికే. మన ఎంపీలు వేసిన ప్రశ్నల్లో ఎన్ని ఇలా హామీలుగా మారాయి, ఎన్ని తీరాయి అన్న సంఖ్య ఏ ప్రగతి పుస్తకంలోనూ మాకు కనబడలేదు. జీరో అవర్లో లేచి మాట్లాడితే మంత్రి జవాబివ్వాలన్న నిర్బంధం లేదు. 377వ నిబంధన కింద విషయం రాసి ఇస్తే సంబంధిత శాఖ నుంచి ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం నకలు పుస్తకంలో వేయాలి, మాట్లాడుతున్న ఫొటో వేసినా వేయకపోయినా.

ఎంపీ నిధుల దగ్గరికొద్దాం, ఎందుకంటే ఊళ్లో కళ్లకు కనిపించేది అదే. ఏడాదికి రూ.5 కోట్లు, 2011-12 నుంచి అంతే. లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు కాబట్టి ఒక్కోదానికి రూ.71 లక్షలు పడుతుంది. ఇందులో 15 శాతం, అంటే రూ.75 లక్షలు ఎస్సీలు ఉండే చోట్లకు పోవాలి. అది దాదాపుగా సిమెంటు రోడ్లకే పోతోంది గానీ పేటల్లో ఆటస్థలానికి వచ్చింది తక్కువ. ఎంపీ చేసేది సిఫార్సు. మంజూరు చేసేది కలెక్టరు. సిఫార్సు అందిన 45 రోజుల్లో మంజూరో తిరస్కారమో తేల్చాలి. మధ్యలో ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం, ఇంజనీర్ల అంచనా, సాంకేతిక అనుమతి, టెండరు.

మా డెల్టాలో ఆటస్థలం పని పాడయ్యేది మట్టి దగ్గర. రోడ్లు ఏటికేడు లేపుకుంటూ పోవడంతో స్కూలు గ్రౌండు రోడ్డు కంటే రెండు మూడడుగులు పల్లమైపోయింది. జులై నుంచి నవంబరు దాకా అందులో నీళ్లు నిలుస్తాయి. మెరక చేయక తప్పదు. ఎకరం నేలను రెండడుగులు లేపాలంటే దాదాపు 2,470 ఘనపు మీటర్లు కావాలి. రోలరు తిరిగాక కుంగేది కూడా కలుపుకుంటే 3,000. ట్రాక్టరు ట్రక్కుకు మూడు ఘనపు మీటర్లు వేసుకున్నా వెయ్యి ట్రిప్పులు. ఎనిమిది వరసల 400 మీటర్ల ట్రాకుకు నాలుగెకరాలు కావాలి, అంటే నాలుగు వేల ట్రిప్పులు. అంచనాలో అడుగు మెరక రాసి, చేతిలో ఉన్న డబ్బుకు సరిపెట్టి, శిలాఫలకం పెట్టేస్తే తొలకరికే గ్రౌండు చెరువవుతుంది.

ఏ మట్టి తోలారన్నది ఇంకా ముఖ్యం. దగ్గర్లో చౌకగా దొరికేది రొయ్యల చెరువు తవ్విన నల్లమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే అరచెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది, ఉప్పు ఉంటే గడ్డి మొలవదు. దాని మీద పోసిన సిమెంటు వాలీబాల్ కోర్టు రెండో వేసవికి పగులుతుంది, నెట్ కట్టే స్తంభాలు లోపలికి వాలతాయి. సరైన పద్ధతిలో కింద అడుగు మందాన ఇసుక, దాని పైన మెట్ట ప్రాంతం నుంచి తెచ్చిన గ్రావెల్. అది కూడా ఒకేసారి కుమ్మరించకూడదు. ఎనిమిది, పది అంగుళాల వరస వేయడం, నీళ్లు చల్లడం, రోలరు తిప్పడం, మళ్లీ వరస. నడుమ ఎత్తుగా, అంచులకు నూటికొకటి చొప్పున వాలుగా ఉండాలి. అరవై మీటర్ల వెడల్పు గ్రౌండుకు నడిమిన అడుగు ఎత్తు వస్తుంది. అంచున చిన్న రాతికట్టు లేకపోతే మొదటి తుపానుకే మట్టి జారిపోతుంది. చుట్టూ తవ్విన కాలవ నీరు ఏ బోదెలోకి, ఏ డ్రెయిన్లోకి పోతుందో కాగితం మీద ఉండాలి. భీమవరం వైపు ఎనమదుర్రు డ్రెయిన్ ఎగదన్నిన రోజుల్లో నీరు బయటికి పోవడం అటుంచి లోపలికొస్తుంది. అలాంటి చోట తూముకు తలుపు పెట్టాలి. మేం చూసిన అంచనాల్లో రాతికట్టు, తూము తలుపు రెండూ దాదాపు ఎప్పుడూ ఉండవు.

దీనికి కాలం కూడా కలిసిరావాలి. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యి, కాలవలు కట్టేశాక, తొలకరి పడేలోపు ఉన్న ఆరేడు వారాలే మట్టి తోలడానికి పనికొచ్చే రోజులు. ఎంపీ లేఖ మార్చిలో వెళ్తే మంజూరయ్యేసరికి మే వస్తుంది, టెండరయ్యేసరికి వాన పడుతుంది, పని మరుసటేటికి పోతుంది. లేఖ డిసెంబరులోపు వెళ్లాలి. డిసెంబరులో శీతాకాల సమావేశాలున్నాయంటారు. లేఖకు సంతకం ఢిల్లీలోనూ పెట్టొచ్చు కదా.

ఇండోర్ హాళ్ల సంగతి కొంచెం. అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి చిరాగ్ శెట్టితో కలిసి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాక బ్యాడ్మింటన్ హాలు కావాలని అడగని ఊరు లేదు. మంచిదే. కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 వెడల్పు, చుట్టూ రెండేసి మీటర్లు వదిలితే హాలు కనీసం 17.4, 10.1 ఉండాలి. అసలు తప్పు ఎత్తులో జరుగుతోంది. సాధనకైనా తొమ్మిది మీటర్లు ఖాళీ కావాలి, అంతర్జాతీయ పోటీలకు పన్నెండు. కల్యాణ మండపం కొలతలతో ఆరు మీటర్లకు రేకులు వేసేస్తే ఎత్తి కొట్టిన కాక్ ఇనుప దూలానికి తగులుతుంది. పిల్లలు తక్కువ ఎత్తులో ఆడటం అలవాటు చేసుకుని, పై స్థాయి పోటీకెళ్లి తేలిపోతారు. దీపాలు కోర్టు పక్కల ఉండాలి, నెత్తిమీద కాదు. ఆటగాడి వెనక గోడకు కిటికీ పెట్టకూడదు, ముదురు ఆకుపచ్చ రంగు వేయాలి. వర్షాకాలంలో మా నేలలు చెమరుస్తాయి కాబట్టి గచ్చు కింద పాలిథిన్ పొర వేయకుండా మ్యాట్ పరిస్తే పిల్లలు జారి మోకాళ్లు పోగొట్టుకుంటారు.

ముంపు భయంతో మా దగ్గర బేస్‌మెంటు మూడడుగులు లేపుతారు. మెట్లు నాలుగు కట్టి ఊరుకుంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్ వారికి ఆటల్లో పాల్గొనే అవకాశం కల్పించమని ప్రభుత్వాలకే చెప్పింది. చక్రాల కుర్చీ ఎక్కాలంటే వాలు పన్నెండుకు ఒకటి మించకూడదు. మూడడుగుల ఎత్తుకు 36 అడుగుల ర్యాంపు, మధ్యలో ఆగడానికి చదును, తలుపు 90 సెంటీమీటర్లు. ఎనిమిదడుగుల ర్యాంపు కట్టి నీలం బొమ్మ అంటించినవి మా జిల్లాల్లో బోలెడు. వాటి మీద కుర్చీని తోసేవాడు కూడా వెనక్కి జారతాడు. సామాజిక న్యాయం మీద ప్రసంగించిన ఎంపీ, తన నిధులతో కట్టిన హాలు ర్యాంపు పొడవు ఎంతో పుస్తకంలో వేస్తే ప్రసంగం కంటే ఎక్కువ తెలుస్తుంది.

కట్టడానికి ఎంపీ నిధులున్నాయి, నేర్పేవాడి జీతానికి అందులో దారి లేదు. ఇది కొత్త జబ్బేం కాదు. 2008-09లో వచ్చిన పైకా పథకం పంచాయతీకి లక్ష రూపాయలిచ్చి గ్రౌండు చేయమంది, ఊరి శిక్షకుడైన క్రీడాశ్రీకి మాత్రం నెలకు రూ.500 అంది. గ్రౌండ్లు పశువులకు మేతయ్యాయి. కోనసీమలో గ్యాస్, చమురు తీసే ప్రభుత్వ సంస్థలున్నాయి. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు ప్రకారం గ్రామీణ, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడల శిక్షణకు సామాజిక బాధ్యత నిధులు ఖర్చు చేయొచ్చు. హాలు ఎంపీ నిధితో, శిక్షకుడి జీతం మూడేళ్ల ఒప్పందంతో ఆ నిధి నుంచి. ఈ రెండు కాగితాలూ ఒకే రోజు కలెక్టరు బల్ల మీదికి రావాలి. శిక్షకుడి కాగితం లేకుండా హాలు మంజూరు చేయొద్దని మేమంటాం. కఠినంగా ఉందని కొందరు నొచ్చుకోవచ్చు. తాళం పడ్డ హాళ్లు చూశాక మా మాట మార్చుకోలేం.

సామాజిక పథకాల్లో రెండే చెబుతాం. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి రూ.4,000. అందులో 60 నుంచి 79 ఏళ్ల వారికి కేంద్రం వాటా రూ.200, అది కూడా కేంద్ర జాబితాలో పేరున్న వారికే. ఎనభై దాటితే రూ.500. వితంతువులకు, దివ్యాంగులకు రూ.300. ఈ మొత్తాలు పదేళ్లకు పైగా కదల్లేదు. పెంచుతారా అని అడిగితే ప్రతిపాదన లేదంటారు. పార్లమెంటు గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం పెంచమని మళ్లీ మళ్లీ సిఫార్సు చేసింది. ఎంపీ చేయగలిగింది ఆ సిఫార్సు పేరా సంఖ్యతో సహా చదివి, దాన్ని ఎందుకు ఒప్పుకోలేదో చెప్పమని బడ్జెట్ పద్దుల చర్చలో నిలదీయడం. పద్దులో నామమాత్రంగా వంద రూపాయలు తగ్గించమని పెట్టే టోకెన్ కోత తీర్మానం అనే ఆయుధం కూడా ఉంది గానీ, పాలకపక్షం వైపున్న మా ఎంపీలు దాని జోలికి వెళ్తారని ఆశపడటం లేదు. పేరా చదవడానికి పార్టీ అడ్డురాదు.

రెండోది మధ్యాహ్న భోజనం. లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్న పథకమిది, కోనసీమకు దీని మీద హక్కు ఎక్కువే. 2025 మే 1 నుంచి ఒక్కో పిల్లవాడి సరుకుల ఖర్చు ప్రాథమిక తరగతులకు రూ.6.78, ఆరు నుంచి ఎనిమిదికి రూ.10.17. బియ్యం వేరు. పెద్ద తరగతులకు 20 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది నియమం. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. వంటవారికి కేంద్రం లెక్క 2009 నుంచి నెలకు రూ.1,000, ఏడాదిలో పది నెలలు. అందులో కేంద్రం ఇచ్చేది రూ.600. మన రాష్ట్రం రూ.3,000 చేసి పైది తనే భరిస్తోంది. ఆటలతో దీనికి సంబంధం ఎక్కడంటే, కేంద్ర భోజన పథకం పీఎం పోషణ్ ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. కబడ్డీకి, పరుగుకు, వెయిట్‌లిఫ్టింగుకు పిల్లలు తేలేది తొమ్మిది, పది, ఇంటర్లోనే. ఆ వయసు భోజనం మొత్తం రాష్ట్రం నెత్తిన ఉంది. క్రీడల మీద ఇరవై ప్రశ్నలు వేసేకంటే పీఎం పోషణ్‌ను పన్నెండో తరగతి దాకా పెంచమని ఏడాది పొడవునా ఒకే పట్టు పట్టిన ఎంపీకి మేం ఎక్కువ మార్కులు వేస్తాం. సమగ్ర శిక్షా కింద హైస్కూలుకు ఏటా వచ్చే ఆటవస్తువుల గ్రాంటు రూ.25,000 కూడా ఏ నెలలో చేతికందుతోందో అడిగితే బాగుంటుంది. పోటీలు ముగిశాక వచ్చే బంతులు బీరువాకే.

ఈ పథకాలన్నీ జిల్లాలో సమీక్షించే దిశ కమిటీకి అధ్యక్షుడు లోక్‌సభ ఎంపీయే, కార్యదర్శి కలెక్టరు. మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఏడాదిలో నాలుగు సమావేశాల తేదీలు, మినిట్స్, కిందటిసారి చెప్పిన పని అయిందా లేదా అన్న పట్టిక, ఇవి ఎంపీ సొంత చేతిలో ఉన్నవి. ఢిల్లీలో లాటరీ తగలలేదనే సాకు ఇక్కడ లేదు.

చట్టాల మాట కూడా ఉంది. జాతీయ క్రీడల పరిపాలన బిల్లు 2025 ఆగస్టు 11న లోక్‌సభలో, 12న రాజ్యసభలో గట్టెక్కింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించిన బిల్లు ఆగస్టు 20న లోక్‌సభ ముందుకొచ్చి ఆ రోజే ఆమోదం పొందింది, మర్నాడు రాజ్యసభలోనూ అయిపోయింది. ఓటేశారన్నది ఘనత కాదు. జిల్లా జట్టు ఎంపికలో అన్యాయం జరిగిన పిల్ల క్రీడల బిల్లు తెచ్చిన కొత్త ట్రిబ్యునల్ దాకా ఎలా వెళ్తుందని ఎవరైనా అడిగారా, సవరణ ఇచ్చారా అన్నది సభ రికార్డుల్లో చూసి రాయండి. అన్నట్టు, సంక్రాంతికి పందెం బరి దగ్గర దిగిన ఫొటోలను గ్రామీణ క్రీడల పేజీలో వేయడం మాత్రం దయచేసి మానిపించండి.

మీ విలేకరులకు ఒక మనవి. ఈసారి ఎంపీల పట్టిక వేసేటప్పుడు ఆరు గడులు కలపండి: హామీలుగా మారిన జవాబులెన్ని, తీరినవెన్ని, దిశ సమావేశాల తేదీలు, ఎంపీ నిధి నుంచి ఆటస్థలాలకు ఇచ్చిన సిఫార్సు లేఖల తేదీలు, వాటిలో 45 రోజులు దాటినవి, హాలు కట్టిన చోట శిక్షకుడి జీతం ఎవరిస్తున్నారు. మొదటి రెండు గడులు పార్లమెంటు వెబ్‌సైట్లో దొరుకుతాయి. మిగతావి ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయంలోనూ, కలెక్టరేట్లోనూ అడగొచ్చు. ఇవ్వకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు, ముప్పై రోజుల గడువు. అక్టోబరులో పెడితే డిసెంబరు లేఖల నాటికి జవాబు చేతిలో ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, ఒక విశ్రాంత పంచాయతీరాజ్ ఇంజనీరు
అమలాపురం